నల్లకోటు ఏ రంగులో పడింది



మీ ప్రిన్సిపాల్‌గారు ఫోన్ చేసి స్నాతకోత్సవంలో మాట్లాడాలన్నప్పుడు, ఏం మాట్లాడమంటారని అడిగాను. "మీకు బాగా తెలిసిన పని ఒక్కటి చెప్పండి, చాలు" అన్నారు. నాకు బాగా తెలిసిన పని ఒకటుంది. ఇంకా బజారులోకి రాని సినిమా కెమెరాను కంపెనీవాళ్ళు తెచ్చి, వాడి చూసి చెప్పండి అంటే, వాడి చూసి చెప్పడం. పన్నెండేళ్ళలో అలాంటివి అయిదు కెమెరాలు నా చేతిలోంచి వెళ్ళాయి. మొదటిదానితో నేనొక తప్పు చేశాను. ముందు అది చెబుతాను. ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు.

ఆ కెమెరా మామూలు అట్టపెట్టెలో వచ్చింది. పేరు ఉండాల్సిన చోట నల్లటేపు అంటించారు. అడుగున సీరియల్ నంబరు అచ్చు వేసి లేదు, మార్కర్ పెన్నుతో చేత్తో రాసి ఉంది. దాని వెంట ఒక ఇంజినీరు వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. రాత్రంతా ల్యాప్‌టాప్ ముందే కూర్చునేవాడు. ఎవరికీ ఏమీ చెప్పనని నా చేత నాలుగు పేజీల మీద సంతకాలు తీసుకున్నారు. అయిదు రోజులు మీ ఇష్టం, ఏం కావాలంటే అది తియ్యండి, చివర రెండు పేజీల రిపోర్టు రాసివ్వండి, విడుదల రోజున మీ ఫుటేజ్ పెద్ద తెర మీద వేస్తాం అన్నారు.

అప్పటికి ఏడెనిమిది సినిమాలు చేసి ఉన్నాను. మన దగ్గర ఆ కెమెరాను ముట్టుకున్న మొదటివాడివి నువ్వేనని ఎవరో అన్నారు. ఆ మాట తలకెక్కింది. పాపికొండల దగ్గర తెల్లవారుజామున గోదావరి మీద మంచు తీశాను. కూచిపూడిలో ఒక అమ్మాయి దీపాల వెలుగులో నాట్యం చేస్తుంటే తీశాను. అన్నీ అందంగా పడ్డాయి. అందంగా పడతాయని తెలిసినవే ఎంచుకున్నాను కదా మరి.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక ఊళ్ళో కోర్టు ముందు నుంచి వెళ్తున్నాం. వేపచెట్టు అవతల ఎండలో పదిమంది లాయర్లు నిలబడి టీ తాగుతున్నారు. ఊరికే తీద్దామని కారు ఆపాను. ఎండ దంచేస్తోంది కాబట్టి లెన్సు ముందు వెలుతురు తగ్గించే గట్టి ఎన్‌డీ ఫిల్టరు వేశాను. మానిటర్‌లో చూస్తే ఆ పదిమందిలో ఆరుగురి కోట్లు నల్లగా ఉన్నాయి. నలుగురివి మెరూన్ రంగులో ఉన్నాయి. వంకాయకీ ఇటుకకీ మధ్య రంగు అనుకోండి. తలెత్తి కంటితో చూస్తే పదికి పదీ నలుపే.

కారణం మీకు పాఠాల్లో చెప్పే ఉంటారు. మన కంటికి కనబడని పరారుణ కాంతి కెమెరా సెన్సారుకు కనబడుతుంది. దాన్ని ఆపడానికి సెన్సారు ముందు ఒక అద్దం పెడతారు. ఆ అద్దం చాలకపోతే కొంత లోపలికి జారుతుంది. మామూలప్పుడు అది లెక్కలోకి రాదు. ఎన్‌డీ ఫిల్టరు వేసినప్పుడు కనబడే వెలుతురు పదహారో వంతుకో అరవై నాలుగో వంతుకో పడిపోతుంది, పరారుణం మాత్రం చాలావరకు అలాగే వచ్చేస్తుంది. దాని వాటా ఒక్కసారిగా పెరుగుతుంది. గుడ్డను బట్టి, అద్దకాన్ని బట్టి ఒక్కో నలుపు ఆ కాంతిని ఒక్కోలా తిప్పికొడుతుంది. అందుకే ఒక లాయరుగారి కోటు నల్లగానే ఉంది, పక్కాయనది రంగు మారింది.

ఇంజినీరు కూడా చూశాడు. మా ఇద్దరికీ అర్థమైంది. "ఇది మాకు తెలుసు సార్. విడుదల నాటికి సరిచేస్తాం. రిపోర్టులో రాయకపోతే బాగుంటుంది" అన్నాడు. బతిమాలలేదు, బెదిరించలేదు. మామూలుగా అన్నాడు. నేను రాయలేదు.

కెమెరా విడుదలైంది. లోపం లోపంగానే ఉంది. నా గోదావరి పెద్ద తెర మీద పడింది, కింద నా పేరు పడింది. ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి ఫోన్ వచ్చింది. మొదటి సినిమా చేస్తున్న కుర్ర కెమెరామన్. కోర్టు కథ. ఆవరణలో ఎనిమిది రోజులు పగటిపూట తీశారు. చేతిలో ఉన్నది చిన్న మానిటర్, దాని మీద ఎండ, కాల్షీట్ల తొందర. రంగులు సరిదిద్దే డీఐ గదిలో కూర్చున్నాక గాని కోట్ల రంగు కళ్ళబడలేదు. కలరిస్టు ఒక్కో కోటునూ విడదీసి రంగు లాగేస్తుంటే, మెరూన్ తీసేసిన చోటల్లా దాంతోపాటే పక్క మనిషి పెదవుల్లో రక్తం పోయినట్టయ్యేది. పెదవులు సరిచేస్తే కోటు అంచు తేలేది. అలా రాత్రులకు రాత్రులు పట్టింది. నిర్మాత డబ్బులు పోయాయి, కుర్రాడి మీద నమ్మకం పోయింది. "అన్నా, నీ రిపోర్టు చదివే ఈ కెమెరా తీసుకున్నాను. నల్లకోట్ల సంగతి నీకు కనబడలేదా?" అన్నాడు.

కనబడలేదన్నాను.

నన్ను ఇప్పటికీ కుదిపేసేది ఏమిటంటే, దానికి మందు చాలా చిన్నది. పరారుణాన్ని కూడా ఆపే ఎన్‌డీ ఫిల్టర్లు అప్పటికే అద్దెకు దొరుకుతున్నాయి. "ఎండలో వాడితే ఆ ఫిల్టరు తప్పనిసరి" అని నేను ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ కుర్రాడు అది తెచ్చుకునేవాడు, కథ అక్కడితో ముగిసేది. కంపెనీకీ పెద్ద నష్టం ఉండేది కాదు. మూడేళ్ళ తర్వాత అతని ఇంటికి వెళ్ళి నిజం చెప్పాను. ఏమీ అనలేదు. వాళ్ళమ్మగారు టీ ఇచ్చారు, తాగి వచ్చేశాను.

నాకు ముందు పాఠం లేదనడానికీ లేదు. 2006లో లైకా కంపెనీ ఎం8 అని స్టిల్ కెమెరా తెచ్చింది. చాలా పేరున్న కంపెనీ, చాలా ఖరీదైన కెమెరా. సెన్సారు ముందు అద్దం పల్చగా పెట్టారు, బొమ్మ మరింత పదునుగా రావాలని. కొన్నవాళ్ళు పెళ్ళిళ్ళలో నల్లసూట్లు తీస్తే ఊదారంగులో పడ్డాయి. గోల అయ్యాక కంపెనీ కొన్నవాళ్ళకు లెన్సు ముందు పెట్టుకునే ఫిల్టర్లు ఉచితంగా పంపింది. ఆ కెమెరాను ముందుగా చూసి సమీక్ష రాసినవాళ్ళలో ఒకాయన ఆ రంగు తేడాను గమనించి కూడా, కంపెనీ ఆగమంటే తన మొదటి వ్యాసంలో రాయకుండా ఆపేశానని తర్వాత తానే బయటపెట్టారు. అది చదివి అప్పట్లో నేను ఆయన్ని గట్టిగానే తిట్టుకున్నాను. ఏడేళ్ళు తిరక్కుండా అదే వేపచెట్టు దగ్గర నిలబడ్డాను.

ఇక ఈ పనిని చక్కగా చేసినవాళ్ళ సంగతి చెబుతాను.

2006లో లాస్ వేగాస్‌లో జరిగిన ఎన్‌ఏబీ అనే ప్రసార పరికరాల ప్రదర్శనలో రెడ్ అనే కొత్త కంపెనీ దుకాణం తెరిచింది. పెట్టినాయన జిమ్ జన్నార్డ్, ఓక్లీ కళ్ళజోళ్ళ కంపెనీని స్థాపించినాయన. 17,500 డాలర్లకు 4కే సినిమా కెమెరా ఇస్తామన్నారు. చూపించడానికి నమూనా ఉంది గాని పనిచేసే కెమెరా లేదు. వెయ్యి డాలర్లు అడ్వాన్సు కట్టి పేరు రాయించుకున్నవాళ్ళున్నారు, ఇదంతా వట్టి మోసమన్నవాళ్ళున్నారు. మరుసటి ఏడాదికి, అంటే 2007 వసంతానికి, రెండు నమూనా కెమెరాలు తయారయ్యాయి. వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు, బోరిస్, నటాషా అని, పాత కార్టూన్‌లోని గూఢచారుల పేర్లు. ఆ రెండింటినీ న్యూజిలాండ్‌లో దర్శకుడు పీటర్ జాక్సన్ చేతిలో పెట్టారు.

జాక్సన్ నాలుగు షాట్లు పరీక్షగా తీసి పంపితే సరిపోయేది. ఆయన కొద్ది రోజుల్లోనే మొదటి ప్రపంచయుద్ధం మీద 'క్రాసింగ్ ద లైన్' అని ఒక పొట్టి సినిమా తీసేశారు. కందకాలు, బురద, పొగ, పాతకాలపు విమానాలు, పరుగెత్తే సైనికులు. ఆ ఏప్రిల్‌లో అదే లాస్ వేగాస్ ప్రదర్శనలో దాన్ని వేస్తే జనం బారులు తీరి చూశారు. మోసమన్నవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. నాకు అందులో నచ్చేది వేరే సంగతి. ఆయన ఆ కెమెరాను ఎక్కడ పెడితే మంచిగా కనబడుతుందో అక్కడ పెట్టలేదు, యుద్ధం సినిమాకు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టారు. ల్యాబులో గోడకు తగిలించిన చార్టుకు బురద అంటదు, దాని ముందు పొగ రాదు, అది పరుగెత్తదు.

తర్వాత దర్శకుడు స్టీవెన్ సోడర్‌బర్గ్. అదే ఏడు జులైలో స్పెయిన్‌లో చే గువేరా కథ 'చే' మొదలుపెట్టారు. రెడ్ వన్ కొన్నవాళ్ళకు మొదటి కెమెరాలు అందింది ఆగస్టు ఆఖరున. అంటే ఆయన అడవుల్లోకి తీసుకెళ్ళింది ఇంకా ఎవరికీ అమ్మని కెమెరా. నాలుగు గంటలకు పైబడిన ఆ రెండు భాగాల సినిమా 2008లో కాన్ ఉత్సవానికి వెళ్ళింది, బెనీసియో డెల్ టోరోకు ఉత్తమ నటుడి బహుమతి తెచ్చింది. ఆ తెగింపు నాకు నచ్చుతుంది. మీరు మాత్రం అలా చెయ్యొద్దు. సోడర్‌బర్గ్ తన సినిమాకు తానే కెమెరామన్, పోతే తనదే పోతుంది. మీ మొదటి సినిమాలో పోయేది ఇంకొకరిది. నేనొకసారి విడుదల కాని కెమెరాను నిజం షూటింగ్‌లో వాడాను. ఎనభై ఏళ్ళ నటుడు మూడు నిమిషాల డైలాగు ఒక్క బిగిన చెప్పారు, సెట్లో లైట్‌మెన్‌తో సహా అందరూ కళ్ళు తుడుచుకున్నారు. కట్ అన్నాక చూస్తే కార్డులో ఫైలు లేదు. "పోనీలే బాబూ, ఇంకోసారి చేద్దాం" అన్నారాయన. చేశారు. బాగానే చేశారు. కానీ అది మొదటిది కాదు. నమూనా కెమెరాతో నమూనా సినిమాలే తియ్యండి. నటులను తెచ్చుకోండి, కథ రాసుకోండి, కానీ పోతే ఫరవాలేదని అందరికీ ముందే చెప్పి పెట్టండి.

ఆరి కంపెనీ దారి ఇంకో రకం. 1917లో మ్యూనిక్‌లో పుట్టిన కంపెనీ. ఫిల్మ్ కెమెరాల్లో తలపండినవాళ్ళు గనక డిజిటల్‌కు నిదానంగా వచ్చారు. 2010లో అలెక్సా బయటికి రాకముందే దాని తొలి నమూనాలు బెర్లిన్ పక్కనున్న బాబెల్స్‌బెర్గ్ స్టూడియోకు వెళ్ళాయి. రోలండ్ ఎమెరిక్ 'ఎనానిమస్' తీస్తున్నారు, కెమెరా ఆనా ఫోర్‌స్టర్. నాలుగు వందల ఏళ్ళ కిందటి లండన్ కథ, కొవ్వొత్తులు, కాగడాలు. చీకటి గదిలో ఒక మంట. మంట తెల్లబడిపోకూడదు, మూలనున్న మనిషి మాయమైపోకూడదు. అలెక్సా సెన్సారు ప్రతి బిందువునూ ఒకేసారి రెండు రకాలుగా చదువుతుంది, ఒకటి చీకటి వైపు చూసుకుంటే ఇంకొకటి వెలుగు వైపు చూసుకుంటుంది, తర్వాత రెండింటినీ కలిపి ఒక బొమ్మ చేస్తుంది. ఇది కాగితం మీద ఎంత చెప్పినా నమ్మకం కుదరదు. కొవ్వొత్తి ముందు పెట్టి చూడాల్సిందే.

మీలో ఎక్కువమందికి ఉపయోగపడే కథ ఇంకొకటి. 2008 సెప్టెంబరులో కెనన్ 5డి మార్క్ 2 రాబోతోంది. విన్సెంట్ లఫోరే అనే ఫొటో జర్నలిస్టు దాన్ని కంపెనీ ఆఫీసులో చూశాడు. వారాంతానికి ఇవ్వమని పట్టుబట్టి తీసుకెళ్ళాడు. సినిమా తీసిన అనుభవం లేదు. న్యూయార్క్ రాత్రుల్లో తిరిగి 'రెవరీ' అని చిన్న సినిమా తీశాడు. వీధిదీపాల వెలుతురు చాలని, పెద్ద సినిమాల్లో చూసే లోతు తక్కువ ఫోకస్ ఇంత చవక కెమెరాలో కూడా వస్తుందని ప్రపంచానికి అప్పుడే తెలిసింది. చేసినవాళ్ళకే పూర్తిగా తెలియని సత్తాను బయటివాడు మూడు రోజుల్లో బయటపెట్టాడు.

అయితే ఆ కెమెరాలో వీడియో తీసేటప్పుడు ఎక్స్‌పోజరు చేతికి అందేది కాదు. కెమెరా తన ఇష్టం వచ్చినట్టు వెలుతురు పెంచేది, తగ్గించేది. సెకనుకు 30 ఫ్రేములు తప్ప 24 లేవు. వాడేవాళ్ళు ఊరుకోలేదు. లెన్సును కొద్దిగా తిప్పి, మౌంటులో సగం బిగించి వదిలేసేవాళ్ళు. లోపలి తీగ మొనలు అంటవు, అపెర్చరు ఉన్నచోట ఉండిపోతుంది. లెన్సు ఊడి పడుతుందేమోనని ఎడమచెయ్యి కిందే పెట్టుకుని తీసేవాళ్ళు. అలా తీస్తూనే కంపెనీకి రాస్తూ వచ్చారు, ఇక్కడ ఇది కావాలి, ఇది లేకపోతే ఈ షాట్ ఇలా పాడవుతోంది అని. 2009 జూన్‌లో ఎక్స్‌పోజరు చేతికి వచ్చింది, 2010 మార్చిలో 24 ఫ్రేములు వచ్చాయి. కెమెరా అదే, సాఫ్ట్‌వేర్ మారింది. 2011లో రామ్‌గోపాల్‌వర్మ 'దొంగల ముఠా'ను ఈ 5డి కెమెరాలతోనే అయిదు రోజుల్లో తీశారంటే, దాని వెనక ఎక్కడెక్కడివాళ్ళో రాసిన ఆ ఫిర్యాదులున్నాయి. నేను వాళ్ళకు రుణపడి ఉన్నాను. మీరూ ఉన్నారు.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. కెమెరా చేసేవాళ్ళు అశ్రద్ధ మనుషులు కాదు. బూడిదరంగు కార్డు, రంగుల పలక, నక్షత్రంలాంటి గీతల చార్టు, అన్నీ పెట్టి నెలల తరబడి కొలుస్తారు. కానీ వాళ్ళ గదిలో వాళ్ళ కరెంటు ఉంటుంది, వాళ్ళ ఎండ ఉంటుంది. మన దగ్గర ఏమవుతుందో వాళ్ళకు తెలిసే దారి మనమే.

మన ఇళ్ళలో కరెంటు సెకనుకు 50 సార్లు తిరుగుతుంది, ట్యూబులైటు 100 సార్లు మినుకుతుంది. అమెరికాలో 120 సార్లు. అక్కడ 24 ఫ్రేములకు 120 సరిగ్గా భాగమవుతుంది, ప్రతి ఫ్రేముకూ అయిదు మినుకులు, షట్టరు 180 డిగ్రీలు పెట్టుకుంటే పని జరిగిపోతుంది. ఇక్కడ 100ను 24తో భాగిస్తే మిగులు వస్తుంది. అందుకే మనం షట్టరును 172.8 డిగ్రీలకు తిప్పుతాం. అప్పుడు ఒక్కో ఫ్రేము సెకనులో యాభయ్యో వంతు తెరుచుకుంటుంది, సరిగ్గా రెండు మినుకులు లోపలికొస్తాయి, గోడ మీద వెలుతురు ఊగదు. మన దగ్గర కెమెరా అసిస్టెంటుకు తన ఫోన్ నంబరు గుర్తులేకపోయినా 172.8 గుర్తుంటుంది. నా చేతికొచ్చిన ఒక నమూనా కెమెరా మెనూలో ఆ అంకె లేదు. అక్కడ ఎవరికీ అవసరం పడలేదు మరి.

గుంటూరు మిర్చియార్డు సంగతి వినండి. మంచి సీజన్లో కెమెరాను అక్కడికి తీసుకెళ్ళండి. ఎండుమిరప రాశి మీద పదకొండు గంటల ఎండ. సెన్సారులో ఎరుపు మిగతా రెండు రంగులకంటే ముందే నిండిపోతుంది. నిండిపోతే రాశి రాశిలా ఉండదు, ఎర్ర ప్లాస్టిక్ పరదా కప్పినట్టుంటుంది. మిరపకాయ మీది ముడతలు, పచ్చి ఆరని తొడిమె, మధ్య మధ్య తేలే తాలుకాయ, ఇవన్నీ కనబడుతున్నాయా? కనబడితే ఆ కెమెరా మన పెళ్ళిచీరను కూడా తియ్యగలదు. ఆ ఘాటుకు తుమ్ములు ఆగక ఇంజినీర్లు బయటికి పరుగెత్తడం నేను రెండుసార్లు చూశాను, అయినా వెనక్కి వచ్చి మానిటర్ ముందు నిలబడ్డారు. వాళ్ళమీద నాకు గౌరవం.

మంగళగిరి నూలుచీర, నిజాం అంచుది, కట్టుకున్న మనిషిని పది అడుగుల దూరంలో నడిపించండి. నేత దారాల వరసా సెన్సారు గళ్ళ వరసా ఢీకొన్న చోట చీర మీద రంగురంగుల అలలు పాకుతాయి. ఆమె నిలబడితే ఆగుతాయి, కదిలితే పాకుతాయి. దాన్ని ఏ డీఐలోనూ తీయలేరు. రోహిణి కార్తెలో రెంటచింతల వైపు కెమెరాను ఎండలో గంట నడపండి, ఎంతకు ఆగిపోతుందో చూడండి. సౌండ్ చదివినవాళ్ళు పక్కనే ఉండండి, ఎందుకంటే వేడెక్కితే లోపలి ఫ్యాను మొరుగుతుంది, ఆ మోత మీ మైకులోకే వస్తుంది.

అన్నిటికన్నా ముందు మనిషి ముఖం. మా యూనిట్లో ఒక లైట్‌మన్ ఉన్నారు. కారునలుపు మనిషి. మొదటిదాని తర్వాత వచ్చిన నాలుగు కెమెరాలకూ మొదటి షాట్ ఆయన ముఖమే. కిటికీ పక్కన కూర్చోబెడతాను, మేకప్ వెయ్యను. ఒక చెంప వెలుగులో, ఒక చెంప నీడలో. చెక్కిలి ఎముక మీద చెమట మెరుస్తుంటుంది. ఆ మెరుపు మెల్లగా తెల్లబడుతూ పోవాలి. సెన్సారు మంచిది కాకపోతే అక్కడ తెల్లబిళ్ళ అంటించినట్టు తెగిపోతుంది. నీడవైపు చెంపలో గోధుమరంగు ఉంది, కొంచెం నీలం ఉంది, కణత దగ్గర ఎరుపు ఉంది. అవి కనబడాలి. చాలా కెమెరాలు అక్కడ బూడిద పోస్తాయి. ఆయన ఇప్పుడు మానిటర్ దగ్గరికొచ్చి తనే చూసి చెప్పేస్తారు. "ఇందులో నేను నేనులా లేను బాబూ" అంటారు. నా రిపోర్టులో ఆ వాక్యం ఆయన మాటగానే రాస్తాను.

ఇదేమీ చిన్న విషయం కాదు. కొడాక్ కంపెనీ దశాబ్దాల పాటు ల్యాబులకు షర్లీ కార్డు అని పంపింది. దాని మీద ఒక తెల్ల యువతి ఫొటో. ఆమె చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా ఉన్నట్టు లెక్క. ఆ కొలతలో నల్లవాళ్ళ ముఖాలు కళ్ళూ పళ్ళూ తప్ప మిగతాదంతా చీకటిగా పడేవి. ఇళ్ళలో తల్లులు బాధపడ్డారు, ఎవరూ వినలేదు. చెక్కసామాను కంపెనీలు, చాక్లెట్ కంపెనీలు మా సరుకు రంగుల్లో తేడా కనబడటం లేదని గట్టిగా అడిగాక గాని ముదురు గోధుమరంగుల మీద ఫిల్మ్ చేసేవాళ్ళ దృష్టి సరిగ్గా పడలేదు. పిల్లల ముఖాల కోసం జరగని పని చాక్లెట్ కోసం జరిగింది. పరీక్ష రోజున కెమెరా ముందు ఎవరు కూర్చున్నారన్నది అంత పెద్ద సంగతి. ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో ఇకనుంచి మీ చేతుల్లో ఉంటుంది.

నా మూడో కెమెరా రిపోర్టులో పదకొండు లోపాలు రాశాను. బాగుంది, బాగాలేదు అని రాయలేదు. ఎంత ఎండ, ఏ లెన్సు, ఏ ఫిల్టరు, కెమెరా ఎంతసేపటి నుంచి నడుస్తోంది, ఏం చేస్తే ఏం జరిగింది, అంతే. ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఎక్కడో ఉన్న ఇంజినీరు అదే తప్పును మళ్ళీ తన బల్ల మీద రప్పించగలగాలి. అప్పుడే సరిచెయ్యగలడు. కంపెనీ నుంచి నాలుగు నెలలు మాట లేదు. తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్లో మెనూ తెరిచి చూస్తే 172.8 ఉంది. ఎరుపు కొంత మెరుగైంది. మిగిలినవి కాలేదు. ఆ కంపెనీ నన్ను మళ్ళీ పిలవలేదు. ఆ రిపోర్టు గురించి విన్న ఇంకో కంపెనీ పిలిచింది.

సంతకాల సంగతి కూడా చెప్పాలి. విడుదల దాకా రహస్యం ఉంచుతానని సంతకం పెడితే ఉంచి తీరాలి. అది వాళ్ళ కష్టం, వాళ్ళ వ్యాపారం. కానీ సంతకం పెట్టేముందు నేనొక మాట రాయించుకుంటాను: విడుదల రోజున నా పేరు వాడితే, నా రిపోర్టు మొత్తం వెయ్యాలి, ముక్క తీసుకోకూడదు. ఒప్పుకున్నవాళ్ళున్నారు, ఒప్పుకోనివాళ్ళున్నారు. ఒప్పుకోకపోతే కెమెరా వెనక్కి పంపించేస్తాను. నా పేరు చూసి అద్దెకు తీసుకునే కుర్రాడు ఎక్కడో ఒకడుంటాడు. ఆ మొదటి కుర్రాడి గొంతు నాకు ఇంకా వినబడుతుంది.

నేను ఇవాళ ఖాళీ చేతులతో రాలేదు. మీ కాలేజీ రెండో అంతస్తులో, కెమెరా గదిలో, ఒక అట్టపెట్టె ఉంది. నిన్న రాత్రి దిగింది. పేరు మీద టేపు ఉంది. కంపెనీవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను, మీ ప్రిన్సిపాల్‌గారూ సరేనన్నారు. ఇప్పుడు మీ ఒంటి మీదున్న నల్లగౌన్లు చూశాను. ఇందాక పక్కనున్న మాస్టారిని అడిగితే మూడు చోట్ల కుట్టించామన్నారు, మూడు తానుల గుడ్డ. నాకు కావలసింది అదే.

అందుకని పట్టాలు తీసుకున్నాక గౌన్లు విప్పెయ్యకండి. భోజనాలు కానిచ్చి రెండు గంటలకు మైదానంలోకి రండి, ఎండ బాగానే ఉంది. గట్టి ఎన్‌డీ వేసి ఒకసారి, వెయ్యకుండా ఒకసారి తీద్దాం. లైట్‌మన్‌గారు కూడా నాతో వచ్చారు, మొదటి షాట్ ఆయనది. మీ అమ్మల్లో మంగళగిరి చీర కట్టుకున్నవాళ్ళెవరైనా ఉంటే ముందు వరసలో నిలబడమని చెప్పండి. ఒక్కొక్కరూ నోటుబుక్కు, పెన్ను తెచ్చుకోండి. ఎవరి గౌను ఏ రంగులో పడిందో, ఏ ఫిల్టరుతో పడిందో మీరే రాయాలి, కింద మీ పేరు పెట్టి. సాయంత్రం ఆ కాగితాలన్నీ కలిపి కంపెనీకి పంపిస్తాను.